రెండంగుళాల సిపాయికి ఏ ఎరుపు?

యుద్ధ చరిత్రకు చెందిన ఒక సైనికుణ్ణో, ఫిరంగినో, ట్యాంకునో, ఓడనో నిర్ణీత నిష్పత్తిలో కుదించి చేసే ప్రతిరూపాన్ని స్కేల్ మోడల్ అంటారు. 1/35 నిష్పత్తిలో చేసిన మోడల్ అంటే అసలు వస్తువులోని ముప్ఫై అయిదు మిల్లీమీటర్లు అందులో ఒక్క మిల్లీమీటరుగా మారతాయని అర్థం; ఆ లెక్కన 170 సెంటీమీటర్ల మనిషి సుమారు 49 మిల్లీమీటర్ల ఎత్తున, అంటే రెండంగుళాలకు కాస్త తక్కువగా నిలబడతాడు. కొలతలను ఈ విధంగా భాగహారంతో రాబట్టుకోవచ్చు గాని, రంగును రాబట్టే సూత్రం ఏదీ లేదు. ఒక దళం తొడిగిన కోటు ఏ రంగులో ఉండేదన్న ప్రశ్నకు, ఆ దళం ఏ సంవత్సరంలో, ఏ నేల మీద, ఎన్ని నెలల ఎండావానల తర్వాత ఉన్నదో నిర్ణయించుకున్న తర్వాతనే జవాబు వెతకడం సాధ్యమవుతుంది. తేదీ, స్థలం ముందు, రంగు తర్వాత అన్న ఈ క్రమాన్ని తలకిందులు చేయడం వల్లనే చూడముచ్చటైన మోడళ్ళు సైతం చరిత్ర దృష్టిలో తప్పులుగా మిగిలిపోతున్నాయి.

ఈ మాటకు చిత్తూరు ప్రాంతమే మంచి నిదర్శనం. 1780 జులైలో మైసూరు పాలకుడు హైదరాలీ కనుమలు దిగి ఆర్కాటు నవాబు రాజ్యం మీద దాడి చేశాడు. అంతకుముందు గుంటూరు ప్రాంతంలో ఉండి దక్షిణానికి వచ్చిన ఈస్టిండియా కంపెనీ కర్నల్ విలియం బెయిలీ దళాన్ని సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గరి పొల్లిలూరులో మైసూరు సైన్యం చుట్టుముట్టి ఓడించింది. ఆ దాడితో మొదలైన యుద్ధం ముగియక ముందే, 1782 డిసెంబరు 7న, చిత్తూరుకు సమీపంలోని నరసింగరాయనిపేట శిబిరంలో హైదరాలీ మరణించాడు. ఆ శిబిరానికి చెందిన ఒక రాకెట్ సైనికుణ్ణీ, అతనికి ఎదురు నిలిచిన మద్రాసు సిపాయినీ మోడల్‌గా చేయదలచిన వ్యక్తికి లభించే ఆధారాలు తక్కువేమీ కావు. అయితే వాటిలో ప్రతి ఒక్కటీ ఒక విషయంలో నమ్మదగిన సాక్ష్యమిస్తూ మరొక విషయంలో దారి తప్పిస్తుంది.

వాటిలో అందరికీ తెలిసినది శ్రీరంగపట్నంలోని దరియా దౌలత్ మహలు గోడ మీది పొల్లిలూరు యుద్ధ చిత్రం. హైదరాలీ కొడుకు టిపూ సుల్తాన్ 1784లో వేయించిన ఈ చిత్రంలో గాయపడి పల్లకిలో కూర్చున్న బెయిలీ, ఎర్ర కోట్లతో చతురస్రంగా నిలిచిన కంపెనీ పటాలం, పేలిపోతున్న మందుగుండు బండి, చుట్టూ కమ్ముకొస్తున్న మైసూరు అశ్వికదళం కనిపిస్తాయి. యుద్ధం జరిగిన నాలుగేళ్ళకే, చూసినవాళ్ళు బతికి ఉండగానే వేసిన చిత్రం కాబట్టి సేనల అమరికకు, ఆయుధాల రకాలకు, తలపాగాల ఆకారాలకు ఇది విలువైన ఆధారమే. రంగుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పరిస్థితి వేరు. దెబ్బతిన్న ఈ చిత్రాన్ని టిపూ పతనం తర్వాత ఆంగ్ల సేనాని ఆర్థర్ వెల్లెస్లీ అక్కడ నివసించిన కాలంలో ఒకసారి, గవర్నర్ జనరల్ డల్హౌసీ ఆదేశంతో 1855లో మరొకసారి మళ్ళీ చిత్రించారు. అందువల్ల ఇప్పుడు కనిపించే ఎరుపులో 1784 నాటి చిత్రకారుడి వాటా ఎంతో, తర్వాతి వాళ్ళ అలవాటు ఎంతో కంటితో చూసి వేరుచేయలేము. పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ళలో కాగితం మీద తయారైన ఇదే చిత్రపు పెద్ద నకలు ఒకటి 2022లో లండన్‌లో వేలానికి వచ్చింది. గోడ చిత్రాన్ని ఇటువంటి నకళ్ళతో పోల్చి, రెండింటిలోనూ ఒకేలా ఉన్నవాటిని మాత్రమే స్వీకరించడం వివేకం.

గోడ చిత్రం చెప్పలేని రంగును అద్దకపు చరిత్ర కొంతవరకు చెప్పగలదు. తొలి కృత్రిమ రంగును పెర్కిన్ కనుగొన్నది 1856లో కాబట్టి, హైదరాలీ కాలపు వస్త్రాల రంగులన్నీ వేళ్ళు, ఆకులు, బెరళ్ళు, పురుగులు, ఖనిజాల నుంచి వచ్చినవే. బనాతు అనే దట్టమైన ఉన్నిగుడ్డతో కుట్టిన ఆంగ్ల సైనికుల కోట్లలో సామాన్య సైనికుడి ఎరుపు మంజిష్ఠ జాతి వేరు నుంచి వచ్చేది; అది ఇటుక ఛాయ కలిసిన, కాస్త గోధుమ వైపు ఒరిగిన ఎరుపు. అధికారి కోటుకు మాత్రం మెక్సికో నుంచి వచ్చే కోకినీల్ అనే పురుగు నుంచి తీసిన ప్రకాశవంతమైన, ఖరీదైన ఎరుపు వాడేవారు. కాబట్టి ఒకే డబ్బా రంగుతో అధికారినీ సిపాయినీ పూయడం ఆ సైన్యంలోని అంతస్తుల తేడాను చెరిపేయడమే అవుతుంది.

మైసూరు వైపు నూలుగుడ్డలు, తలపాగాలు, నడికట్ల రంగులను ఊహించడానికి శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళ దగ్గర దొరికే జ్ఞానం ఏ రంగుల పట్టికలోనూ దొరకదు. కరక్కాయ కషాయం, పాలు కలిపి తడిపి ఆరబెట్టిన గుడ్డ లేత పసుపు ఛాయకు తిరుగుతుంది. తుప్పు ఇనుమును బెల్లపు నీళ్ళలో ఊరబెట్టి తీసిన కసిమి ఆ గుడ్డ మీద నల్లగా మారుతుంది. పటిక పట్టిన చోట మాత్రమే వేరు రంగు ఎర్రగా నిలుస్తుంది. నీలిమందు ముంచిన కొద్దీ ముదురుతుంది. పూర్వం ఆంధ్ర తీరంలో విరివిగా వాడిన చిరివేరు ఇచ్చే ఎరుపుకూ ఇప్పుడు బజారులో దొరికే ఎర్ర ఎనామెల్‌కూ మధ్య తేడా, పటిక, కరక్కాయలతో అద్దిన గుడ్డ ముక్కను పక్కన పెట్టుకుని చూస్తే వెంటనే తెలిసిపోతుంది. ఆ ముక్కను నాలుగైదు వారాలు ఎండలో ఆరేసి, వెలిసిపోయిన తర్వాత మళ్ళీ చూడటం ఇంకా మంచిది, ఎందుకంటే రెండేళ్ళు దండయాత్రలో ఉన్న సైన్యం తొడిగినది కొత్తగుడ్డ కాదు.

తేదీ విషయంలో ఎక్కువమంది తడబడేది పులిచారల కోటు దగ్గర. టిపూ పదాతి దళం ఊదారంగు గుడ్డ మీద తెల్లని వజ్రాకారపు మచ్చలున్న కోట్లు వేసుకునేదని ఆనాటి ఆంగ్లేయుల వర్ణనలు చెబుతాయి, పులి గుర్తు టిపూ పాలనకు అధికార చిహ్నంగా మారిన సంగతి కూడా ప్రసిద్ధమే. కాని ఆ పాలన మొదలైంది నరసింగరాయనిపేటలో హైదరాలీ మరణించిన తర్వాతనే. అదే విధంగా, రాకెట్ కర్రను జెండా కర్రగా పట్టుకున్న మైసూరు సైనికుణ్ణి చిత్రించిన రాబర్ట్ హోమ్ ఈ దేశంలో సైన్యం వెంట నడిచింది 1791-92లో, అంటే కార్న్‌వాలిస్ టిపూ మీద చేసిన దండయాత్రలో. ఆ చిత్రం 1791లో ముట్టడికి గురైన గుర్రంకొండ కోట వంటి సందర్భాలకు చక్కగా సరిపోతుంది. అదే కోటును తొమ్మిదేళ్ళు వెనక్కి జరిపి 1782 చిత్తూరు శిబిరంలోని మనిషికి తొడిగితే, వేరే ఆధారం చూపనంతవరకు, అది కల్పనే.

రాకెట్ విషయంలో మాత్రం అదృష్టవశాత్తూ వస్తువులే మిగిలి ఉన్నాయి. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో ఒక పాడుబడిన బావి నుంచి వెయ్యికి పైగా ఇనుప రాకెట్లు బయటపడ్డాయి. వాటి పొడవు 23 నుంచి 26 సెంటీమీటర్ల వరకు ఉంది. 1/35 నిష్పత్తిలో ఆ ఇనుప గొట్టం ఏడు మిల్లీమీటర్లు, దానికి కట్టే నాలుగడుగుల వెదురు కర్ర సుమారు 35 మిల్లీమీటర్లు అవుతుంది. ఇక్కడ కూడా ఆకారాన్ని నమ్మవలసిందే గాని రంగును నమ్మకూడదు. బావిలో రెండు శతాబ్దాలు నానిన ఇనుముకు పట్టిన తుప్పు ఆ బావిదే. కొలిమి నుంచి అప్పుడే వచ్చిన గొట్టం నలుపు, నీలం కలిసిన బూడిద ఛాయలో ఉంటుంది, వెదురు కూడా కోసి ఎంతకాలమైందన్న దాన్ని బట్టి పచ్చగానో గడ్డిరంగులోనో ఉంటుంది. మ్యూజియం అద్దం వెనుక చూసిన తుప్పునే మోడల్ మీద పూసేవారు తమకు తెలియకుండానే యుద్ధరంగానికి బదులు తవ్వకాన్ని చిత్రిస్తున్నారు.

ఆకారం ఒకచోట, రంగు మరొకచోట దొరకడం విజయనగర కాలానికీ వర్తిస్తుంది. తిరుమల ఆలయంలోని శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవిల లోహ విగ్రహాలు రాయల తలమీది పొడవాటి కుళ్ళాయి ఆకృతిని, పంచె కుచ్చిళ్ళను చూపుతాయి గాని రంగు చెప్పవు. లేపాక్షి ఆలయం పైకప్పు చిత్రాలు వస్త్రాల మీది అల్లికలను, రంగుల పొందికను చూపుతాయి గాని నాలుగైదు శతాబ్దాల పొగ, తేమ, కాలం వాటి అసలు ఛాయను మార్చాయి. రెండింటినీ కలిపి చదవగలిగితే చంద్రగిరి కోట కాపలాదారుడి మోడల్ ఒకటి నమ్మదగినదిగా తయారవుతుంది.

ఫోటోలు వచ్చిన తర్వాత పని సులువైందనుకోవడం సహజం. నిజానికి నలుపు తెలుపు ఫోటో చాలా జాగ్రత్తగా చదవవలసిన పత్రం. ఆర్థోక్రొమాటిక్ అనే పాత రకం ఫిల్ము ఎరుపును గ్రహించదు, కాబట్టి దానిలో ఎర్రని పట్టీ దాదాపు నల్లగా, నీలి గుర్తు తెల్లబారినట్లు పడుతుంది. అన్ని రంగులనూ గ్రహించే పాంక్రొమాటిక్ ఫిల్ములో కూడా ఒకే వెలుతురు గల ఎరుపు, ఆకుపచ్చ ఒకే బూడిదరంగుగా కనిపిస్తాయి. 1960లు, 70ల నాటి రంగుల ప్రింట్లయితే కాలక్రమంలో వాటిలోని నీలి రంగుపొర ముందుగా చెదిరిపోవడం వల్ల ఎర్రబడతాయి. వాటిని చూసి ఆకుపచ్చ వాహనాన్ని గోధుమరంగులో పూసిన వారున్నారు. ఫోటోలో రంగు తెలిసిన వస్తువు ఒకటి, అంటే అరటాకో, తెల్ల పంచెనో, జాతీయ జెండానో ఉంటే, మిగిలినవాటిని దానితో పోల్చి సరిచూసుకోవచ్చు.

ఇటువంటి ఫోటోలతో పని పడే సందర్భానికి 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధం ఒక ఉదాహరణ. తిరుపతికి చెందిన చిత్తూరు వేణుగోపాల్ ఆ యుద్ధంలో లెఫ్టినెంట్ కర్నల్‌గా ఒకటవ గోర్ఖా రైఫిల్స్ అయిదవ బెటాలియన్‌కు నాయకత్వం వహించి, తూర్పు రంగంలో దర్శన, ఝెనైదా పోరాటాలలో చూపిన పరాక్రమానికి మహావీర చక్ర పొందారు. ఆ రంగంలో ప్రవేశించిన రెండవ కోర్‌కు 45వ కేవల్రీకి చెందిన పీటీ-76 ట్యాంకులు తోడుగా నడిచాయి. సోవియట్ తయారీ అయిన ఈ ట్యాంకు నీటిమీద తేలగలిగేది, పక్కకు ఆరు చక్రాలు గలది. ఫిరంగి గొట్టంతో కలిపి 7.63 మీటర్ల పొడవు గల ఇది 1/35లో 218 మిల్లీమీటర్లకు దిగుతుంది. బజారులో దొరికే కిట్టు సాధారణంగా సోవియట్ సైన్యపు వాహనాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినది. భారతీయ దళం కట్టుకున్న సరంజామా, దళపు గుర్తులు, అంకెల రాత తీరు వంటివి తయారీదారు ఊహించడు, ఫోటోల నుంచే ఏరుకోవాలి. రంగుకు భారతీయ ప్రమాణాల సంస్థ ప్రకటించిన ఐఎస్ 5 పట్టికలోని 220వ సంఖ్య ఆలివ్ గ్రీన్ మంచి ఆరంభ బిందువు అవుతుంది. ప్రమాణ పట్టిక అంటే సంఖ్య చెప్పగానే ఎక్కడైనా ఒకే ఛాయ కలపడానికి వీలుగా ముద్రించిన రంగు ముక్కల వరుస. బ్రిటన్‌కు, జర్మనీకి, అమెరికాకు కూడా వాటి సొంత పట్టికలున్నాయి. అయితే పట్టిక చెప్పేది డబ్బా తెరిచిన రోజు రంగునే.

ఆ రంగును ఉన్నదున్నట్లు మోడల్‌కు పూస్తే ముదురుగా, బొమ్మలా కనిపిస్తుంది. 1/35 మోడల్‌ను 35 సెంటీమీటర్ల దూరం నుంచి చూడటం అసలు ట్యాంకును పన్నెండు మీటర్ల అవతల నుంచి చూడటంతో సమానం. దూరం పెరిగే కొద్దీ గాలిలోని ధూళి, వెలుతురు రంగును పలచబరుస్తాయి కనుక, మోడల్ కోసం రంగును కొద్దిగా లేత చేయాలన్నది చాలామంది పాటించే పద్ధతి. ఎంత లేత చేయాలన్నదానిపై ఏకాభిప్రాయం లేదు, ఉండనవసరమూ లేదు; 1/72 వంటి చిన్న నిష్పత్తిలో మరికొంత ఎక్కువ అన్నది మాత్రం కంటికే తెలుస్తుంది.

నేల రంగు గురించి రాయలసీమ వారికి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. ట్యాంకు అడుగున, బూట్ల మీద మట్టి పట్టించడానికి ఇంటి చుట్టూ దొరికే ఎర్రమట్టిని జల్లించి వాడటం ఇక్కడి వారికి సులువు. హైదరాలీ శిబిరానికి అది సరిగ్గా సరిపోతుంది, పీఠం మీద పెట్టే రాళ్ళు కూడా శేషాచలం పొరల క్వార్ట్జైట్‌ను కాక చిత్తూరు వైపు గుండ్రాళ్ళను పోలి ఉండాలి. 1971 తూర్పు రంగానికి మాత్రం ఆ ఎర్రమట్టి పనికిరాదు, గంగా డెల్టా ఒండ్రు బూడిదరంగులో ఉంటుంది.

భద్రపరచిన వాహనాలను, ఓడలను స్వయంగా చూడటం కొలతలకు, నిర్మాణానికి సాటిలేని మార్గం. విశాఖపట్నం తీరాన నిలిపిన ఐఎన్‌ఎస్ కుర్సురా 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001లో సేవ నుంచి విరమించి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంది; 91.3 మీటర్ల ఈ జలాంతర్గామి 1/350లో 26 సెంటీమీటర్లు అవుతుంది. సేవలో ఉన్నప్పుడు నీటి కింద దాగిన అడుగు భాగాన్ని, మూడు ప్రొపెల్లర్లను ఇప్పుడు ఎవరైనా చుట్టూ తిరిగి చూడవచ్చు. కాని ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా మళ్ళీ మళ్ళీ వేసే పూత సంరక్షణ కోసం వేసినది, దాని నుంచి 1971 నాటి ఛాయను తీసుకోకూడదు.

ఎండకు వెలిసిపోని అసలు రంగు మిగిలి ఉండే చోటు ఒకటుంది: పాత యూనిఫారం జేబు మూత కింద, కుట్ల లోపలి మడతలో, తిరగేసిన అంచులో. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మాజీ సైనికుల ఇళ్ళలో ఇటువంటి చొక్కాలు, టోపీలు, పట్టీలు, ఫోటోలు ట్రంకు పెట్టెల్లో ఉండి ఉంటాయి. అవి ఉన్నవారు వాటిని ఉతికి ఇస్త్రీ చేయకుండా, ఎవరిది, ఏ దళం, ఏ సంవత్సరం, ఎక్కడ పనిచేసినప్పటిది అన్న నాలుగు మాటలు ఒక కాగితం మీద రాసి వాటితోపాటే ఉంచాలి. తొడిగినవారు జీవించి ఉంటే వారి చేతనే రాయించాలి.