చెక్కలో చుక్కల ముగ్గు

చెక్కను చెక్కలో పొదగడం చూడ్డానికి సులువే. ఉలి పట్టుకుంటే తెలుస్తుంది అసలు సంగతి! అమ్మాయి పెళ్లి పీటల కోసం తొలిసారి ఆ పనికి దిగి, ఒకసారి చెడగొట్టుకుని, రెండోసారి గట్టెక్కిన ఓ గుంతకల్లు తండ్రి అనుభవమిది.

మా పెరట్లో అమ్మ నాటిన వేపచెట్టు ఓ గాలివానకు కూలిపోయింది. వంటచెరుక్కి ఇచ్చేయమన్నారు చాలామంది. మనసొప్పలేదు. కోత మిషన్‌కు తీసుకెళ్లి పలకలు కోయించాను. రైల్వేలో రిటైరయ్యాక వడ్రంగం నాకు కాలక్షేపం. బల్లలూ స్టూళ్లూ చేయడం వచ్చు. అమ్మాయికి సంబంధం కుదరగానే అనుకున్నా... నానమ్మ చెట్టుతోనే దానికి పెళ్లి పీటలు చేయాలని. ఉత్త పీటలు కాదు, మధ్యలో నగిషీ ఉండాలి!

ఆ కోరిక మైసూరులో పుట్టింది. గుంతకల్లులో రాత్రి హంపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దునకి మైసూరు. అక్కడి ప్యాలెస్‌లో, అంబా విలాస్ దర్బారుకు వెళ్లే చోట రోజ్‌వుడ్ తలుపు ఉంటుంది. నల్లటి చెక్కలో తెల్లటి దంతం పొదిగిన పని. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు.

మన విశాఖే ముందు

ఈ విద్య మనకేమీ కొత్తది కాదు. 18వ శతాబ్దంలో ఈ పనికి పేరు మోసింది మన విశాఖపట్నం. అక్కడి కంసాలులు రోజ్‌వుడ్, నల్లచేవ కర్రల్లో ఏనుగు దంతం పొదిగి కుర్చీలూ బీరువాలూ పెట్టెలూ చేసేవారు. దంతం మీద సన్నగా గీతలు గీసి, వాటిలో నల్లటి లక్క నింపేవారు. ఆనాటి అద్దకం బట్టల మీద కనిపించే పూలతీగెలే ఈ చెక్క మీదా పాకేవి. 1756లో ఆ ఊరు చూసిన కార్నెయ్ అనే ఆంగ్ల సైనికాధికారి ఆ పనితనాన్ని మెచ్చుకుంటూ రాసుకున్నాడు. అలనాటి విశాఖ సామాను లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

1991 నాటికి మన దేశంలో దంతం వ్యాపారం పూర్తిగా నిషిద్ధమైంది. మంచిదే! మైసూరు పనివాళ్లు రంగురంగుల చెక్కలతోనూ, ప్లాస్టిక్ ముక్కలతోనూ ఆ పని సాగిస్తున్నారు. పసుపు కావాలంటే పనస, నలుపు కావాలంటే రోజ్‌వుడ్. రంగులు చెట్టే ఇస్తుంది.

లేచిన పట్టీ

మా తాతగారి విరిగిన కుర్చీ చెయ్యి ఒకటి అటక మీద ఉంది. అసలు రోజ్‌వుడ్! దాన్నుంచి అంగుళం వెడల్పు పట్టీ తీశాను. ముసురు రోజుల్లో వేప పలకకు అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా గాడి తవ్వి, ఫెవికాల్ రాసి బిగించాను. పాలిష్ పట్టాక అద్దంలా మెరిసింది. ఊళ్లో అందరికీ చూపించుకున్నాను.

మార్చి నెలాఖరున బయటికి తీసి చూద్దును కదా, పట్టీ మధ్యలో విల్లులా లేచి ఉంది. వేలు పెడితే ఊడి చేతికొచ్చింది. పెళ్లి మే నెలలో. గుండె జారిపోయింది.

మా వీధిలో ఓ పెద్ద వడ్రంగి ఉన్నాడు. తీసుకెళ్లి చూపిస్తే నవ్వాడు.

"తప్పు ఫెవికాల్‌ది కాదన్నా, ఎండది. పలకేమో కుంచించుకుపోయింది, నీ పట్టీ పోలేదు. ఇంకెక్కడికి పోతుంది? పైకే లేస్తుంది!"

చెక్క నిలువునా, అంటే నార పోయే దిక్కున దాదాపు కదలదు. అడ్డంగా మాత్రం తేమ తగిలితే ఉబ్బుతుంది, ఆరితే తగ్గుతుంది. దేశంలోనే అతి తక్కువ వానలు పడే జిల్లాల్లో మాదొకటి. ఏ కొద్దిపాటి వానకో ఉబ్బిన చెక్క, ఇక్కడి వేసవికి మొత్తం పిండేసినట్టవుతుంది. నేను పట్టీ నారను పలక నారకు అడ్డంగా పెట్టాను. గొడవంతా అక్కడే!

రెండో ప్రయత్నం

మిగిలిన పలకల్ని ఇంట్లోనే నీడన పెట్టి, వారానికోసారి తూకం వేశాను. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టు లెక్క. ఈసారి పొడుగు పట్టీల జోలికి పోలేదు. మా ఆవిడ వాకిట్లో వేసే చుక్కల ముగ్గులోంచి ఓ పువ్వు తీసుకున్నాం. చుట్టూ రోజ్‌వుడ్ రేకులు ఆరు, మధ్యలో పనస చుక్క. అన్నీ చిన్న ముక్కలే.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఈ వరస గుర్తుంచుకోండి. పొదిగే ముక్క మూడు మిల్లీమీటర్ల మందం ఉంటే చాలు. ముందు ముక్కను కోసుకోవాలి. దాన్ని పలక మీద పెట్టి, చుట్టూ చాకు మొనతో గీత గీయాలి. పెన్సిల్ గీత లావు, దాన్ని నమ్ముకుంటే సందులు పడతాయి. తర్వాత గీత లోపల సన్న ఉలితో కొద్దికొద్దిగా తవ్వాలి. లోతు ముక్క మందం కన్నా వెంట్రుకవాసి తక్కువ ఉండాలి. అప్పుడు ముక్క కాస్త పైకి నిలుస్తుంది, ఆరాక చిత్రిక పట్టి సమం చేయొచ్చు. ముక్క నార, పలక నార ఒకే దిక్కున ఉండాలి. జిగురు పెట్టి, పైన బరువుంచి, రాత్రంతా వదిలేయాలి. సన్నటి సందులుంటే అదే చెక్క పొడిని జిగురులో కలిపి నింపాలి. చివరికి గరుకు కాగితం, ఆపైన పాలిష్.

ఒక్కో రేకుకు నాకు ఒక పూట పట్టింది. రెండు రేకులు విరిగాయి. ఒక చోట ఉలి జారి గీత దాటింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

"నాన్నా, ఆ మచ్చున్న పీట నాకే" అంది అమ్మాయి.

ముహూర్తానికి రెండు పీటలూ సిద్ధమయ్యాయి. ఆ తర్వాత ఓ వానాకాలం వెళ్లింది, మరో ఎండాకాలమూ వెళ్లింది. ఏ రేకూ కదల్లేదు. పీటలు అమ్మాయితో అత్తారింటికి వెళ్లాయి. పట్టీ ఊడిన ఆ మొదటి పీట మాత్రం మా ఇంట్లోనే ఉంది. ఉలికి పదును పెట్టేటప్పుడు దాని మీదే కూర్చుంటాను.