పాత మాస్సీ కొంటే ముందు లిఫ్టు చూడండి

ఖమ్మం నుంచి ఇల్లందు మీదుగా గుండాల వైపు పోతుంటే నల్లరేగడి అయిపోయి ఎర్ర చెలకలు మొదలవుతాయి. దున్నేటప్పుడు రాయి తగులుతుంది, లేదంటే ఎప్పుడో కొట్టేసిన ఇప్ప, తునికి చెట్ల వేరు తగులుతుంది. కొత్త ట్రాక్టరుకు లక్షలు పోయలేని రైతు ఇలాంటి భూముల కోసం పాత మాస్సీ 1035 కొనుక్కొస్తాడు. కొనేటప్పుడు స్టార్ట్ చేసి ఇంజన్ చప్పుడు వింటారు, పొగ రంగు చూస్తారు, టైర్లు నొక్కి చూస్తారు. సీటు వెనక, టాప్ లింక్ తగిలించే చోట లోపల ఒక లావుపాటి స్ప్రింగు ఉంటుంది. దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఈ బండి పుట్టుకకు కారణమే ఆ స్ప్రింగు.

ఆ స్ప్రింగు వెనకున్న ఆలోచన హ్యారీ ఫెర్గూసన్‌ది. ఆయన 1884లో ఐర్లండ్ ఉత్తరాన ఒక రైతు ఇంట పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తిండిగింజల కొరత వచ్చినప్పుడు, అక్కడి వ్యవసాయ శాఖ తరఫున ట్రాక్టర్ల పనితీరు చూస్తూ పొలాల వెంట తిరిగాడు. అప్పటి ట్రాక్టరు నాగలిని వెనకాల ఈడ్చుకుపోయేది, అంతే. నాగలి రాయికి తగిలి ఆగినా ఇంజన్ ఆగదు. ముందుకు కదలలేని చక్రాల చుట్టూ బండే తిరిగి, ముందుభాగం గాల్లోకి లేచి, నడిపేవాడి మీద బోల్తా పడేది. ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ల కింద అలా ప్రాణాలు పోయాయి.

ఫెర్గూసన్ నాగలిని ఈడ్పించడం మానేసి, కింద రెండు చేతులు, పైన ఒక కడ్డీతో బండికే బిగించాడు. నేలలో నడిచే నాగలి ముందుకు తిరగబడాలని చూస్తుంది. అప్పుడు పై కడ్డీ, అంటే టాప్ లింక్, బండిని ముందుకు నెట్టి ముందు చక్రాలను నేలకు అదుముతుంది. ఆ నెట్టుడుకే స్ప్రింగు నలుగుతుంది. నేల గట్టిగా ఉంటే ఇంకా నలిగి, హైడ్రాలిక్ వాల్వును కదిపి నాగలిని కాస్త పైకెత్తిస్తుంది. ఎత్తిన బరువు వెనక చక్రాల మీద పడి పట్టు పెరుగుతుంది. నేల మెత్తబడగానే నాగలి మళ్లీ దిగుతుంది. వేరుకు తగిలి హఠాత్తుగా ఆగిందా, స్ప్రింగు బాగా నలిగి నూనె ఒత్తిడి వదిలేస్తుంది. చక్రాల మీద అదనపు బరువు పోయి అవి ఉన్నచోటే జారి తిరుగుతాయి, బండి లేవదు. ఇంత తక్కువ సామానుతో ఇంత పని చేయించిన ఆలోచన వ్యవసాయ యంత్రాల్లో ఇంకొకటి నాకు కనబడదు.

ఇదే పద్ధతితో 1946 నుంచి పదేళ్లలో ఇంగ్లండులోని కోవెంట్రీలో ఐదు లక్షలకు పైగా చిన్న బూడిదరంగు ఫెర్గూసన్‌లు తయారయ్యాయి. 1953లో ఆయన కంపెనీ మాస్సీ హ్యారిస్‌తో కలిసింది. తర్వాత 35 మోడల్ వచ్చింది. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ ఆ వంశాన్ని మనకు తెచ్చింది. మన 1035 దాని వారసుడే.

ఇక బండి ఇంటికొచ్చింది. వెంటనే దున్నకానికి తోలకండి. ముందు హౌసింగు నూనె చూడండి. ఈ బండిలో గేర్లకూ, నాగలిని ఎత్తే హైడ్రాలిక్ లిఫ్టుకూ ఒకటే నూనె, లిఫ్టు పంపు అందులోనే మునిగి ఉంటుంది. వానలో నిలిపిన బండికి గేర్ రాడ్ దగ్గర చిరిగిన రబ్బరు తొడుగులోంచి నీళ్లు దిగుతాయి. నూనె పాలు కలిసిన టీలా కనిపిస్తే మొత్తం దించి, జాలీ కడిగి, కొత్తది పోయాలి. ఆ తర్వాత టాప్ లింక్ పిన్ను తీసి, అది తగిలే దిమ్మెను పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. లొడలొడలాడితే స్ప్రింగు సర్దుబాటు తప్పినట్టే. మేస్త్రితో సరిచేయించాలి.

డీజిల్ లైనుకు గాలి పడితే ఇంజన్ పలకదు. ఫిల్టర్ మీది స్క్రూ కొంచెం వదులు చేసి చేతి లివర్ కొడితే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగల్లేని డీజిల్ వస్తుంది, అప్పుడు బిగించాలి. ఆ తర్వాత డీజిల్ పంపు దగ్గర, చివరికి నాజిల్ నట్ల దగ్గర ఇలాగే చేయాలి. ఈ వరస తప్పితే గాలి ఎక్కడో ఒకచోట మిగిలిపోతుంది. డీజిల్‌లో నీళ్లు కలవకుండా చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే రోటరీ రకం డీజిల్ పంపు లోపలి భాగాలకు ఆ డీజిలే నూనె. నాజిల్ చిమ్ముతుంటే చెయ్యి అడ్డం పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరుతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు.

బండి స్టార్ట్ అయ్యాక పొలంలో నాగలి తగిలించి, ఆ స్ప్రింగును పనిచేయించే డ్రాఫ్ట్ లివర్ మీద దున్ని చూడండి. చాలామంది పొజిషన్ లివర్‌తోనే దున్నేస్తారు. అలా దున్నితే నాగలి పెట్టినచోటే ఉంటుంది గానీ నేల గట్టిదనాన్ని బట్టి లేవదు, దిగదు.

చివరగా ఒక విన్నపం. మా వైపు బురదలో దిగబడ్డ బండినో, దుంగనో లాగాలంటే గొలుసు దొరికినచోట కట్టేస్తారు. ఫెర్గూసన్ ఏర్పాటు నాగలికే గానీ గొలుసుకు కాపు కాయదు. గొలుసు ఇరుసు కన్నా పైన కడితే వందేళ్ల కింద ఐర్లండులో లేచినట్టే బండి లేస్తుంది. టాప్ లింక్‌కు ఎప్పుడూ కట్టకండి, కిందున్న డ్రాబార్‌కే కట్టండి.