అడుగు ముందా, బంతి ముందా?

1985 అక్టోబరు 26 రాత్రి, కాన్సస్ సిటీ. బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్ చివరి ఇన్నింగ్స్. సెయింట్ లూయిస్ కార్డినల్స్ 1-0తో ముందున్నారు. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో అప్పటికే మూడు గెలిచేశారు. ఇంకో ముగ్గుర్ని ఔట్ చేస్తే టైటిల్ వాళ్లదే.

కాన్సస్ సిటీ రాయల్స్ బ్యాటర్ హోర్హే ఓర్టా బంతిని నేలబారుగా కొట్టి మొదటి బేస్ వైపు పరుగందుకున్నాడు. జాక్ క్లార్క్ ఆ బంతిని పట్టి, బేస్ దగ్గరికి ఉరికొచ్చిన పిచ్చర్ టాడ్ వొరెల్‌కు అందించాడు. ఓర్టా కాలు పడేలోపే బంతి గ్లవ్‌లో ఉంది. రీప్లే చూసినవాళ్లందరికీ తెలిసిపోయింది. అంపైర్ డాన్ డెంకింగర్ మాత్రం రెండు చేతులూ బార్లా చాచాడు. సేఫ్!

మన లెక్కలో ఇది రనౌట్ లాంటిదే. కాకపోతే ఎగిరిపడే బెయిల్స్ ఉండవు. కాబట్టి అంపైరు కంటినీ చెవినీ చెరో పనికి పెట్టాలి. చూపు బేస్ మీద, చెవి గ్లవ్ మీద. తోలుకు బంతి తగిలిన చప్పుడు అడుగు కన్నా ముందు వినిపిస్తే ఔట్. ఆ రాత్రి జనం హోరులో చప్పుడు వినపడలేదు. వొరెల్ మంచి పొడగరి, బంతిని ఎత్తులో అందుకున్నాడు. కాలును చూస్తే గ్లవ్ కనపడదు, గ్లవ్‌ను చూస్తే కాలు కనపడదు. ఈ మాట తర్వాత డెంకింగరే చెప్పుకున్నాడు.

రెండు నగరాలూ మిస్సోరి రాష్ట్రంలోవే. మధ్యలో ఐ-70 రహదారి, సుమారు 400 కిలోమీటర్లు. ఇంటిపక్క తగాదా అంత తేలిగ్గా చల్లారుతుందా! "మా కప్పు అంపైరు ఎత్తుకుపోయాడు" అని సెయింట్ లూయిస్ అభిమాని మొదలుపెడితే, కాన్సస్ సిటీవాడు ఒక్కటే అడుగుతాడు: "ఓర్టా అసలు పరుగు చేశాడా?"

చేయలేదు. కాసేపటికే మూడో బేస్ దగ్గర ఔటయ్యాడు. ఈలోగా క్లార్క్ అందాల్సిన ఫౌల్ క్యాచ్ వదిలేశాడు. బతికిపోయిన రాయల్స్ బ్యాటర్ బాల్బోని ఆ వెంటనే హిట్ కొట్టాడు. కార్డినల్స్ క్యాచర్ పోర్టర్ చేతిలోంచి ఒక బంతి జారిపోయి రన్నర్లు ముందుకు కదిలారు. చివరికి డేన్ అయోర్గ్ కొట్టిన దెబ్బకు రెండు పరుగులు వచ్చి 2-1తో మ్యాచ్ తారుమారైంది. ఆ అయోర్గ్ ఏడాదిన్నర క్రితం దాకా కార్డినల్స్ ఆటగాడే!

మర్నాడు ఏడో మ్యాచ్‌లో కార్డినల్స్ 11-0తో చిత్తయ్యారు. వంతు ప్రకారం ఆ రోజు హోమ్ ప్లేట్ వెనక నిలబడింది డెంకింగరే. ఆయనతో గొడవపడి మేనేజర్ వైటీ హెర్జోగ్, పిచ్చర్ వాకీన్ అందుహార్ మైదానం నుంచి గెంటించుకున్నారు. ఏడు మ్యాచ్‌లు కలిపి ఆ జట్టు చేసినవి 13 పరుగులే. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అంటారు రాయల్స్ అభిమానులు.

తర్కంలో నేను సెయింట్ లూయిస్ పక్షమే. మొదటి బ్యాటర్ ఔటై బేస్‌లన్నీ ఖాళీగా ఉంటే, ఆ ఇన్నింగ్స్ నడకే వేరు. కానీ 11-0కు ఏ అంపైరును నిందించాలి?

అంపైరింగ్ తప్పుల 2008 సిడ్నీ టెస్టు పేరెత్తితే మనకూ రక్తం మరుగుతుంది, నిజమే. అయితే సెయింట్ లూయిస్‌లో ఇద్దరు రేడియో వ్యాఖ్యాతలు డెంకింగర్ ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ప్రసారం చేసేశారు. చంపేస్తామని బెదిరింపులు వచ్చాయి. దాన్ని అభిమానం అనడానికి నాకు నోరు రాదు.

2010 జూన్ 2న డెట్రాయిట్‌లో కథ ఇంకోలా నడిచింది. పిచ్చర్ అర్మాండో గలరాగా వరసగా 26 మందిని ఔట్ చేశాడు. ఇంకొక్కరు చాలు, ఒక్కరినీ బేస్ చేరనివ్వని పర్ఫెక్ట్ గేమ్. అప్పటికి మేజర్ లీగ్ చరిత్ర మొత్తంలో అలాంటివి 20 మాత్రమే. మళ్లీ మొదటి బేసే, మళ్లీ పొరపాటు సేఫే. గలరాగా చిన్నగా నవ్వి మళ్లీ బంతి అందుకున్నాడు. అంపైర్ జిమ్ జాయిస్ మ్యాచ్ అయ్యాక వీడియో చూసి, ఏడ్చి, క్షమాపణ చెప్పాడు. మర్నాడు జట్టు జాబితా కాగితం ఆయనకు ఇవ్వడానికి గలరాగానే వెళ్లాడు. రికార్డు మార్చడానికి మాత్రం లీగ్ కమిషనర్ ఒప్పుకోలేదు. ఇలాంటి నిర్ణయాలకు రీప్లే 2014లో గానీ రాలేదు.

డెంకింగర్ 2023లో 86 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. దాదాపు మూడు దశాబ్దాల కొలువు, నాలుగు వరల్డ్ సిరీస్‌లు. పోయిన వార్తలోనూ ముందు వరసలోకి వచ్చి నిలబడింది మాత్రం ఓర్టా కాలే.