నావ ఎముక విరిగితే

టాటానగర్‌లో 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి పనికోసం వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎన్నో అక్కడ స్థిరపడ్డాయి. 1987లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ ఏర్పడింది కూడా ఆ ఊరిలోనే. పనిలోగాని, ఆటలోగాని జారి పడేటప్పుడు ఎవరైనా అరచేతిని నేలకు ఆనిస్తారు. అప్పుడు మణికట్టులో ఒక చిన్న ఎముక విరగవచ్చు. దాన్ని బెణుకు అనుకొని వదిలేస్తే చేతి పట్టు తగ్గుతుంది. చేతిపనితో బతికేవారికి అది బతుకుతెరువు సమస్య.

1. ఈ ఎముక ఏది?

మణికట్టులో 8 చిన్న ఎముకలు రెండు వరుసలుగా ఉంటాయి. బొటనవేలి వైపున, ఈ రెండు వరుసలనూ కలుపుతూ ఉండేది స్కేఫాయిడ్. పడవ అనే అర్థంగల గ్రీకు మాట నుండి ఈ పేరు వచ్చింది. కాబట్టి దీన్ని నావ ఎముక అనవచ్చు. ఎనిమిదింటిలో ఎక్కువగా విరిగేది ఇదే.

2. త్వరగా ఎందుకు అతకదు?

ఈ ఎముకకు రక్తం చాలావరకు వేళ్ళవైపు కొన నుండి ప్రవేశించి, ముంజేతి వైపుకు వెనక్కి ప్రవహిస్తుంది. పొలానికి చివరి మడిని ఊహించండి. మధ్యలో కాలువ తెగితే ఆ మడికి నీరందదు. అలాగే ఎముక నడుము విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం అందక అది నిర్జీవం కావచ్చు.

3. ఎలా గుర్తించాలి?

బొటనవేలిని పైకి చాచండి. దాని మొదట్లో, మణికట్టు దగ్గర చిన్న గుంట కనిపిస్తుంది. పూర్వం కొన్ని దేశాల్లో పొడుం ఇక్కడ పోసుకొని పీల్చేవారు. పడిన తర్వాత ఈ గుంటలో నొక్కితే నొప్పి ఉంటే విరుగుడును అనుమానించాలి. వాపు కొద్దిగానే ఉండవచ్చు.

ముఖ్యమైన విషయం: మొదటి ఎక్స్‌రేలో విరుగుడు కనిపించకపోవచ్చు. అందువల్ల అనుమానం ఉంటే చేతిని కదలకుండా కట్టి ఉంచి, 10 నుండి 14 రోజుల తర్వాత మళ్ళీ పరీక్షిస్తారు. ఎమ్మారై పరీక్ష ఇంకా ముందే తేల్చగలదు.

4. చికిత్స

ముక్కలు పక్కకు జరగకపోతే సాధారణంగా 6 నుండి 12 వారాలు పిండికట్టు చాలు. జరిగితే, లేదా ముంజేతి వైపు కొన విరిగితే, శస్త్రచికిత్సతో స్క్రూ బిగిస్తారు. ఆస్ట్రేలియా వైద్యుడు టిమోతీ హెర్బర్ట్ రూపొందించిన తలలేని స్క్రూ గురించి 1984లో ప్రచురితమైంది. దాని రెండు కొనలకూ మరలు ఉంటాయి. అది ముక్కలను దగ్గరకు లాగి పట్టి ఉంచుతుంది.

నొప్పి తగ్గిందని కట్టు మధ్యలో విప్పరాదు. మర్దన చేయించరాదు. ఎముక అతకకపోతే కొన్నేళ్ళకు మణికట్టు కీలు అరిగిపోతుంది.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. ముంజేతి వైపు ముక్క నిర్జీవం కావడానికి కారణమేమి?
2. ఎక్స్‌రే బాగున్నా గుంటలో నొప్పి ఉంటే ఏమి చేయాలి?