చీకట్లో కనిపించేది పందా, మనిషా?
థర్మల్ దూర్బీను కొనే ముందు తెలుసుకోవలసినవి

మద్నూరు నుండి వేరుపడి 2022లో డోంగ్లి కొత్త మండలమైంది. మండలం మారింది గానీ అడవి పందుల బాధ మారలేదు. సోయా, కంది, జొన్న చేలల్లో రాత్రిపూట మంద దిగితే తినేది కొంత, తొక్కి పాడుచేసేది ఎంతో. పంట పోతే రైతు అప్పులపాలవుతాడు, కూలీకి కోత పని పోతుంది. రాత్రి కాపలాకు పోయేది కూడా ఎక్కువగా కూలీలే. కాబట్టి ఇది భూమి గలవాళ్ల సమస్యే అనుకుని మనం ఊరకుండడానికి వీల్లేదు.

చేను చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ కట్టడం ఘోరమైన నేరం. ఆ తీగకు పంది, మనిషి అన్న తేడా లేదు. తెలంగాణలో ఎన్ని పల్లెల్లో ఇట్లా రైతులూ కూలీలూ చనిపోయారో మనకు తెలిసిందే. తీగకు బదులు కొన్నిచోట్ల ఇప్పుడు చేతిలో పట్టుకుని చూసే థర్మల్ దూర్బీను మాట వినిపిస్తున్నది. మంచిదే. కాని దుకాణంవాడి మాట నమ్మి కొంటే దీనితోనూ ప్రాణాలు పోవచ్చు.

మొదట చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా అడవి పందిని చంపడం నేరం. 2022 సవరణ తర్వాత అది రెండవ షెడ్యూలులో ఉన్నది. నిలిచివున్న పంటకు ప్రమాదమైతే 11వ సెక్షను కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెను గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణం రాసి అనుమతి ఇవ్వవచ్చు. కాల్చవలసింది అటవీశాఖ ఒప్పుకున్న షూటరే. దూర్బీను ఉన్నంత మాత్రాన ఎవరికీ వేట హక్కు రాదు. కాపలాకు, మందను ముందే పసిగట్టి తరమడానికి మాత్రం దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు.

ఇక అది పనిచేసే తీరు. ప్రతి వేడి వస్తువు నుండి కంటికి కనపడని పరారుణ కిరణాలు వస్తాయి. దూర్బీను వాటిని పట్టి బొమ్మగా చూపిస్తుంది. టార్చి అక్కర లేదు, వెన్నెల అక్కర లేదు. అయితే దట్టమైన జొన్నచేను వెనక ఉన్నదాన్ని అది చూపలేదు. గాజు అద్దం నుండి చూడలేదు. వానలో, మంచులో చూపు తగ్గుతుంది. ఎండాకాలం పొద్దుగూకగానే రాళ్లూ నేలా ఇంకా వేడిగా ఉంటాయి గనుక బొమ్మ అలుక్కుపోతుంది. తెల్లవారుజామున తేటగా కనిపిస్తుంది.

డబ్బా మీద “1,200 మీటర్ల దూరం” అని రాస్తారు. మోసపోయేది ఇక్కడే. ఆ దూరానికి అర్థం “అక్కడ వేడిగా ఏదో ఉంది” అని మాత్రమే. ఏముందో చెప్పదు. లెక్క చూడండి. మామూలుగా దొరికే 12 మైక్రాన్ల సెన్సారు, 25 మిల్లీమీటర్ల కటకం తీసుకుందాం. 100 మీటర్ల దగ్గర బొమ్మలో ఒక్కో చుక్క సుమారు 5 సెంటీమీటర్ల మేర చూపుతుంది. 70 సెంటీమీటర్ల ఎత్తున్న పంది 14 చుక్కలవుతుంది. కాళ్లూ మూతీ పోల్చుకోవచ్చు. 300 మీటర్లకు పోతే అదే పంది 5 చుక్కలే. అక్కడ గొంతుక్కూర్చున్న మనిషి 6 చుక్కలు! 1,200 మీటర్ల దగ్గర నిలువెత్తు మనిషే 3 చుక్కలు. ఇక తేడా ఎట్లా తెలుస్తుంది? జూమ్ నొక్కితే చుక్కలు పెద్దవవుతాయి గాని కొత్త సంగతి ఏదీ కనపడదు.

256, 384, 640 అనే అంకెలు అడ్డంగా ఉన్న చుక్కల లెక్క. పైన చెప్పిన కటకంతోనే 256 చుక్కలది 100 మీటర్ల దగ్గర 12 మీటర్ల వెడల్పు చూపితే, 640 చుక్కలది 30 మీటర్లు చూపుతుంది. అంటే అంకె పెరిగితే ఎక్కువ మేర కనిపిస్తుంది, దూరపు వస్తువు స్పష్టత పెరగదు. స్పష్టత కావాలంటే కటకం పెద్దది కావాలి, అప్పుడు కనిపించే మేర తగ్గుతుంది. చేను చుట్టిచూసే కాపలాదారుకు వెడల్పు ముఖ్యం, పోల్చుకోవలసిన షూటరుకు స్పష్టత ముఖ్యం. ఇంకొక అంకె మిల్లీకెల్విన్లలో ఉంటుంది. అది ఎంత తక్కువైతే అంత చిన్న వేడి తేడాను పట్టుకుంటుంది. 50 కంటే 25 మేలు. వాన తట్టుకునేదా, బ్యాటరీ మార్చుకోవచ్చా, చెడిపోతే బాగుచేసేవాళ్లు దగ్గరలో ఉన్నారా అని అడగండి.

డబ్బు కట్టేముందు రాత్రిపూట చేలోనే పరీక్ష పెట్టండి. తుపాకులేవీ లేకుండా, వంద అడుగులకొకసారి దూరం జరుగుతూ ఒక మనిషిని కూర్చోబెట్టండి, పక్కన ఒక మేకను కట్టండి. ఏది ఏదో చూసేవాడు తప్పు చెప్పిన దూరం దగ్గరే ఆ దూర్బీను హద్దు. డబ్బా మీది అంకె కాదు, ఆ హద్దే నిజమైన దూరం.

మన చేలల్లో రాత్రి మనుషులుండరని ఎవరూ అనుకోవద్దు. కాపలా కూలీ గట్టు మీద నడుం వాల్చి ఉంటాడు. చెరకు నరికే ముఠాలు చేనుపక్కనే పడుకుంటాయి. మరుగుదొడ్డి లేని ఇళ్ల ఆడవాళ్లు తెల్లవారకముందే బయటికి వస్తారు. తెరమీద వీళ్లంతా తెల్లని మచ్చలే.

దీని ధర పదుల వేల నుండి లక్షల దాకా ఉన్నది. రెండెకరాల రైతు కొనలేడు, కొనవలసిన అవసరమూ లేదు. కాబట్టి మనం పంచాయతీలోనూ అటవీశాఖ దగ్గరా ఈ మాటలు గట్టిగా అడగాలి:

మండలానికి కావలసిన దూర్బీన్లు ప్రభుత్వమే కొని ఊళ్లకు వంతులవారీగా ఇవ్వాలి.

రాత్రి కాపలా కూలీకి వేరుగా కూలి కట్టాలి, అతనికే ముందు దీన్ని నేర్పాలి.

షూటరు వచ్చే రోజు ముందుగానే డప్పు చాటింపు వేయాలి. ఆ రాత్రి చేలల్లో ఎవరెవరున్నారో పేర్లు రాసుకోవాలి.

పోల్చుకోలేని మచ్చ మీద తుపాకి ఎత్తకూడదన్న షరతును అనుమతి కాగితంలోనే రాయాలి.

కరెంటు తీగలు కట్టేవాళ్ల మీద కేసులు పెట్టాలి, పంట పోయిన కౌలుదారుకు నేరుగా పరిహారం ఇవ్వాలి.

వచ్చే గ్రామసభకు కూలీలం పదిమందిమి కలిసిపోయి వీటిని తీర్మానంగా రాయించుకుందాం.