సొసైటీకి కంప్యూటరు వస్తే పాత పుస్తకం అటకెక్కించొద్దు

పొద్దుగాల పాల కేంద్రం కాడ క్యాన్లు పట్టుకొని నిలబడ్డ వాళ్లకు కావలసినవి రెండే సంగతులు. ఎన్ని పాలు పోసినం, వెన్న ఎంత వచ్చింది. ఇదివరకు ఈ రెండూ కేంద్రం నడిపేవారు పుస్తకంలో చేత్తో రాసేవారు. ఇప్పుడు చాలా కేంద్రాల్లో తూకం యంత్రాన్ని, వెన్న పరీక్ష యంత్రాన్ని కంప్యూటరుకు తగిలిస్తున్నారు. పాలు పోయగానే చిట్టీ బయటికి వస్తోంది. చిట్టీ చూస్తే ముచ్చటగానే ఉంటుంది. అయితే తూకానికీ చిట్టీకీ నడుమ లెక్క కట్టేది సాఫ్ట్‌వేర్. దానికి ఏ సూత్రం ఎక్కిస్తే ఆ సూత్రం ప్రకారమే కడుతుంది. తప్పు సూత్రం ఎక్కిస్తే రోజూ, అందరికీ, అదే తప్పు చేస్తుంది.

చిన్న ఉదాహరణ చూద్దాం. ఒక రైతు పూటకు 5 కిలోల బర్రె పాలు పోస్తాడు. వెన్న 6.48 శాతం వచ్చింది. సాఫ్ట్‌వేర్ చివరి అంకెను కొట్టేసి 6.4గా తీసుకుంది. కిలో వెన్నకు 800 రూపాయలనుకుంటే పూటకు 3 రూపాయల 20 పైసలు తగ్గుతాయి. రెండు పూటలా నెలకు లెక్కేస్తే 192 రూపాయలు. ఒక్క పూట చిట్టీలో ఇది కంటికి ఆనదు.

ఇంకో చిక్కు కిలోకు, లీటరుకు మధ్య ఉంది. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. రేటు కిలోకు చెప్పి, తూకాన్ని లీటర్లలోకి మార్చి గుణిస్తే రైతుకు నూటికి దాదాపు మూడు రూపాయలు పోతాయి. అందుకే సాఫ్ట్‌వేర్ అమ్మేవారు వచ్చినప్పుడు పాలకవర్గం అడగవలసిన మొదటి మాట ఇది: "చివరి అంకెను ఎట్ల సర్దుతది? రేటు కిలోకా, లీటరుకా?" దీనికి జవాబు కాగితం మీద రాయించుకోవాలి. నెలకు ఒకటి రెండుసార్లు కొందరి పాలను పాత గెర్బర్ గొట్టంలో, యాసిడ్ పోసి తిప్పే పద్ధతిలో, పరీక్షించి యంత్రంతో సరిచూడాలి. ఆ గొట్టాలను పాత సామానువాడికి అమ్ముకోవద్దు.

వారణా రైతులు ఏం అడిగారు?

మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లాలో వారణా చక్కెర సహకార సంఘం ఉంది. అక్కడ 1998లో ప్రభుత్వ సాయంతో సుమారు 70 గ్రామాల కోసం కంప్యూటరు కేంద్రాలు పెట్టారు. పంటల సమాచారం, మార్కెట్ ధరలు, ప్రపంచ వార్తలు అన్నీ రైతు ముంగిటకు వస్తాయన్నారు. కొన్నేళ్ల తర్వాత చూస్తే రైతులు ఆ కేంద్రాలకు పోయేది ముఖ్యంగా తమ చెరకు ఎంత తూగింది, పైసలు ఎంత వచ్చాయి, ఎరువు లెక్క ఎంత అని చూసుకునేందుకే. ఈ మాత్రం దానికి అంత పెద్ద కంప్యూటరు ఎందుకని 2006-07 ప్రాంతంలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఏడు గ్రామాల్లో మామూలు సెల్‌ఫోన్ మెసేజ్‌తో అదే సమాచారం ఇచ్చి చూశారు. పని జరిగింది. మన దగ్గర కూడా కొనబోయే ముందు సభ్యులకు రోజూ కావలసింది ఏమిటో రాసుకుంటే అక్కరలేని హంగులకు డబ్బు పెట్టే బాధ తప్పుతుంది. తెలుగులో చిట్టీ రాని సాఫ్ట్‌వేర్ ఎంత చౌకైనా మనకు పనికిరాదని మా అభిప్రాయం.

సింగిల్ విండోల సంగతి వేరు

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 జూన్‌లో ఒక పథకానికి ఆమోదం తెలిపింది. 2,516 కోట్ల రూపాయలతో 63,000 సంఘాలను దేశమంతటికీ ఒకే సాఫ్ట్‌వేర్ కిందికి తేవాలన్నది ఉద్దేశం. అమలు బాధ్యత నాబార్డుది. ఇక్కడ ఎంపిక మన చేతిలో ఉండదు. పాత ఖాతాలు కొత్త దాంట్లోకి ఎక్కించే పని మాత్రం మన సొసైటీలోనే జరుగుతుంది. అసలు జాగ్రత్త అక్కడే కావాలి.

2024లో రెండు లక్షల రూపాయల దాకా రుణమాఫీ జరిగినప్పుడు ఏమైందో రైతులకు గుర్తుండే ఉంటుంది. ఆధార్‌లో ఒక తీరు, పట్టా పాసుబుక్కులో ఒక తీరు, బ్యాంకు ఖాతాలో మరో తీరు పేరున్న వారికి మాఫీ ఆగిపోయింది. ఇంటిపేరు ముందు రాయడం, వెనుక రాయడం, 'రెడ్డి' ఒకచోట ఉండి మరోచోట లేకపోవడం వంటి చిన్న తేడాలే కంప్యూటరుకు ఇద్దరు వేరు మనుషులుగా కనిపిస్తాయి. పుస్తకంలో అయితే రాసే మనిషికి మనం తెలుసు, "అగో, మన కొమురయ్యనే" అని సర్దుకుంటాడు.

కాబట్టి ఖాతాలు ఎక్కించగానే ప్రతి సభ్యుడి పేరు, ఆధార్ చివరి నాలుగు అంకెలు, వాటాధనం, అప్పు నిల్వ కాగితం మీద తీయించి సభ్యునికి చూపించి సంతకం తీసుకోవాలి. పనుల మీద ఊరు విడిచిన వారికి వారి ఇంటివాళ్ల ద్వారా కబురు పంపాలి. తప్పు దిద్దే అధికారం ఎవరికి ఉందో ముందే అడిగి తెలుసుకోవాలి. "మేం దిద్దలేం, హైదరాబాదుకు రాయాలె" అనే జవాబు వస్తే ఎన్ని రోజుల్లో దిద్దుతారో రాయించుకోవాలి.

రెండూ కలిపి నడపాలి

కొత్తది మొదలుపెట్టిన రోజే పాత పుస్తకం మూయడం పెద్ద పొరపాటు. పాల కేంద్రమైతే కనీసం రెండు బిల్లుల కాలం పుస్తకం, కంప్యూటరు రెండూ రాయాలి. రెండు మొత్తాలూ కలిసినాకనే పుస్తకం ఆపాలి. ఇది డబుల్ పనే, రాసేవారు విసుక్కుంటారు. ఆ నెలకు వారికి కొంత అదనంగా ఇవ్వడం న్యాయం.

మొదలుపెట్టే కాలం కూడా చూసుకోవాలి. వానాకాలం పంట అప్పులు రెన్యువల్ చేసే జూన్, జూలైలలో, వడ్లు కొనే రోజుల్లో సొసైటీలో కొత్త ప్రయోగం పెట్టుకోవద్దు. పాల కేంద్రానికైతే పాలు తక్కువ వచ్చే ఎండాకాలం మేలు.

హుస్నాబాద్ చుట్టుపక్కల రైతులకు ముల్కనూరు సంఘం తెలియనిది కాదు. 1956 నుంచి నడుస్తోంది. 2000లో అక్కడ మహిళల డెయిరీ కూడా వచ్చింది. ఇట్లాంటి చోట సభ్యులు లెక్క అడగడం కొత్త కాదు. కొత్తగా పెట్టుకున్న రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో, చిన్న పాల సంఘాల్లో మాత్రం సాఫ్ట్‌వేర్ అమ్మేవారితో ఒప్పందం చదవకుండానే సంతకం పెట్టే అవకాశం ఉంది. అందులో మూడు మాటలు ఉన్నాయో లేదో చూడాలి. ఏటా కట్టవలసిన రుసుము ఎంత, చెడిపోతే మనిషి ఎన్ని గంటల్లో వస్తాడు, రేపు మనం వేరేవారి దగ్గరికి పోతే మన లెక్కలన్నీ తెరిచి చదవగలిగే రూపంలో తిరిగి ఇస్తారా. మూడో మాట ఒప్పందంలో లేకుంటే రాసేదాకా బయానా ఇవ్వవద్దు. ఊళ్లో ఇంటర్ చదివిన ఇద్దరు పిల్లలకు, ఒక్కరికి కాదు, ఇద్దరికి, పని నేర్పించాలని కూడా అందులోనే రాయించాలి. ఒక్కరే నేర్చుకుంటే వారు పెళ్లికి పోయిన నాడు చిట్టీలు ఆగుతాయి.