సిరక్యూస్ 44: ఒకే జెర్సీ, ముగ్గురు వీరులు

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం నడిమధ్యన ఉన్న సిరక్యూస్ విశ్వవిద్యాలయం తన మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్‌ను 1889లో ఆడింది. రోచెస్టర్ విశ్వవిద్యాలయం చేతిలో 36-0తో చిత్తుగా ఓడింది. ఆ తర్వాత కూడా ఈ నారింజ రంగు జట్టు ట్రోఫీల లెక్కలో అలబామాకో నోటర్‌డామ్‌కో ఏనాడూ సాటి రాలేదు. గెలిచిన జాతీయ ఛాంపియన్‌షిప్ ఒక్కటే. అయినా అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ చరిత్ర రాసేవాళ్లు ఎవరూ సిరక్యూస్‌ను దాటి వెళ్లలేరు. 1954 నుంచి 1966 వరకు, ఒకే 44వ నంబరు జెర్సీలో, ఒకరి తర్వాత ఒకరుగా జిమ్ బ్రౌన్, ఎర్నీ డేవిస్, ఫ్లాయిడ్ లిటిల్ అక్కడ ఆడారు. ముగ్గురూ నల్లజాతి యువకులు. వాళ్లను సిరక్యూస్‌కు చేర్చడంలో విశ్వవిద్యాలయం ముందుచూపు పాత్ర తక్కువ. ముందు వచ్చినవాడు తన తర్వాతివాడికి దారి చేసిపెట్టడమే అసలు కారణం.

అమెరికన్ ఫుట్‌బాల్ మనకు తెలిసిన సాకర్ కాదు. వంద గజాల మైదానంలో బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాలి, లేదా ముందున్న సహచరుడికి విసరాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరిగితే బంతి చేతిలో ఉంటుంది, లేకపోతే ప్రత్యర్థికి పోతుంది. అవతలి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆ వెంటనే గోల్ స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నితే మరో పాయింటు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జట్టుకు మెదడు. బంతిని గుండెకు అదుముకుని ప్రత్యర్థుల గుంపులోంచి చీల్చుకుపోయేవాడు రన్నింగ్ బ్యాక్. సిరక్యూస్ పేరు నిలబెట్టింది ప్రధానంగా రన్నింగ్ బ్యాక్‌లే.

తొలి తరంలో చెప్పుకోదగ్గ పేర్లు రెండు. 1918-20 మధ్య జో అలెగ్జాండర్ మూడేళ్లూ, దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్ల పట్టిక అయిన ఆల్ అమెరికన్ జట్టుకు ఎంపికయ్యాడు. 1924-26లో ఆడిన విక్ హాన్సన్‌కు కాలేజీ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లు రెండింట్లోనూ చోటు దక్కింది. కానీ సిరక్యూస్ అసలు కథకు ఆరంభం వీళ్లు కాదు.

భారతీయ వైద్యుడి పెంపుడు కొడుకు

విల్‌మెత్ సిదాత్‌సింగ్ 1918లో వాషింగ్టన్‌లో పుట్టాడు. కన్నతండ్రి నల్లజాతికి చెందిన ఫార్మసిస్టు. ఆయన చనిపోయాక తల్లి శామ్యూల్ సిదాత్‌సింగ్ అనే భారతీయ వైద్యుణ్ని పెళ్లాడింది. పెంపుడు తండ్రి ఇంటిపేరే కుర్రవాడిదీ అయింది. కుటుంబం న్యూయార్క్‌లోని హార్లెంలో స్థిరపడింది. బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్ మీద సిరక్యూస్‌లో చేరిన సిదాత్‌సింగ్, విద్యార్థుల మధ్య జరిగే సరదా ఫుట్‌బాల్‌లో బంతి విసరడం చూసి ఒక సహాయ కోచ్ అతణ్ని జట్టులోకి రమ్మన్నాడు.

ఇంటిపేరును బట్టి పత్రికలు అతణ్ని ‘హిందూ’ అని రాసేవి. విశ్వవిద్యాలయం సరిదిద్దలేదు. దక్షిణాది జట్లు నల్లజాతివారితో ఆడేందుకు ఒప్పుకోని రోజులు కాబట్టి ఆ పొరపాటు అందరికీ అనుకూలంగా ఉంది. 1937 అక్టోబరులో మేరీలాండ్ జట్టుతో మ్యాచ్‌కు ముందు సామ్ లేసీ అనే నల్లజాతి పాత్రికేయుడు అసలు సంగతి రాశాడు. అతడు ఆడితే మేం ఆడబోమని మేరీలాండ్ పట్టుబట్టింది. సిరక్యూస్ తలవంచి, తన మేటి ఆటగాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టి, 13-0తో ఓడింది. జట్టు చరిత్రలో ఇంతకన్నా సిగ్గుపడాల్సిన ఓటమి లేదు. మరుసటి ఏడాది అదే మేరీలాండ్ సిరక్యూస్‌కు వచ్చినప్పుడు సిదాత్‌సింగ్ ఆడాడు. ఫలితం 53-0. ఆ సీజన్‌లోనే కార్నెల్ మీద వెనుకబడి ఉన్న జట్టును చివరి తొమ్మిది నిమిషాల్లో తన పాస్‌లతో 19-17 గెలుపు దాకా లాక్కొచ్చాడు.

1934 నుంచి 1946 దాకా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ నల్లజాతి ఆటగాళ్లకు తలుపులు మూసేసింది. అందుకే ఇంత ప్రతిభా కాలేజీతోనే ఆగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో నల్లజాతి పైలట్ల దళమైన టస్కీగీ ఎయిర్‌మెన్‌లో చేరాడు. 1943 మే 9న శిక్షణ విమానం ఇంజిన్ చెడిపోయి, పారాషూట్‌తో హ్యూరాన్ సరస్సులోకి దూకి మునిగిపోయాడు. వయసు 25. మేరీలాండ్ విశ్వవిద్యాలయం బహిరంగంగా క్షమాపణ చెప్పింది 2013లో. అప్పటికి అతడు పోయి డెబ్భై ఏళ్లు.

జిమ్ బ్రౌన్: ఆపడం ఎలాగో తెలియని బలం

1949లో కోచ్‌గా వచ్చిన బెన్ ష్వార్ట్స్‌వాల్డర్ రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీలో దిగిన పారాట్రూపర్. పాతికేళ్లు జట్టును నడిపి 153 విజయాలు సాధించాడు. క్రమశిక్షణ విషయంలో ఆయన మాటే శాసనం.

జార్జియా తీరంలోని సెయింట్ సైమన్స్ దీవిలో 1936లో పుట్టిన జిమ్ బ్రౌన్, న్యూయార్క్ దగ్గరి మాన్‌హాసెట్‌లో పెరిగాడు. స్కూల్లో ఉన్నప్పుడే అన్ని ఆటల్లోనూ అతడే మొనగాడు. అయినా సిరక్యూస్ అతడికి స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. ఆ విశ్వవిద్యాలయంలోనే చదివిన కెన్నెత్ మొలాయ్ అనే స్థానిక న్యాయవాది ఊళ్లో చందాలు పోగుచేసి మొదటి ఏడాది ఫీజు కట్టాడు. తనకు స్కాలర్‌షిప్పే వచ్చిందని బ్రౌన్ అనుకున్నాడు. వచ్చాక వేరే హాస్టల్లో ఉంచారు, జట్టులో అట్టడుగున పడేశారు. వదిలేసి వెళ్లిపోదామని కూడా అనుకున్నాడు. వెళ్లకపోవడం సిరక్యూస్ చేసుకున్న అదృష్టం.

1956లో చివరి ఏడాది ఎనిమిదే మ్యాచ్‌లు. 986 గజాలు పరిగెత్తాడు. నవంబరు 17న కోల్గేట్‌తో జరిగిన మ్యాచ్ అతడి ఆట ఎలాంటిదో చెప్పడానికి చాలు. సిరక్యూస్ 61-7తో గెలిచింది. అందులో ఆరు టచ్‌డౌన్లు బ్రౌన్‌వి. తన్నే పనీ అతడిదే, ఏడు పాయింట్లు అలా వచ్చాయి. ఒక్కడే 43 పాయింట్లు. 1957 జనవరి 1న డల్లస్‌లో, సీజన్ చివర జరిగే కాటన్ బౌల్ మ్యాచ్‌లో టెక్సస్ క్రిస్టియన్ జట్టు మీద 132 గజాలు పరిగెత్తి, మూడు టచ్‌డౌన్లు చేసి, 21 పాయింట్లు తెచ్చాడు. అతడు తన్నిన ఒక్క కిక్‌ను ప్రత్యర్థి అడ్డుకున్నాడు. సిరక్యూస్ 28-27తో ఓడింది. ఆ ఏడాది ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఓట్లలో బ్రౌన్‌కు దక్కింది ఐదో స్థానం. గెలిచిన పాల్ హోర్నుంగ్ జట్టు నోటర్‌డామ్ పది మ్యాచ్‌ల్లో ఎనిమిది ఓడింది. ఆ ఓట్లు వేసినవాళ్లు ఆటను మాత్రమే చూసి ఉంటే ఫలితం అలా వచ్చేది కాదు.

లాక్రాస్‌లో బ్రౌన్ అంతకన్నా గొప్పవాడని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వల కట్టిన కర్రతో బంతిని అందుకుని విసిరే ఆట అది. 1957లో పది మ్యాచ్‌ల్లో 43 గోల్స్ కొట్టాడు. ఆ వసంతంలో ఒకే రోజు ట్రాక్ పోటీలో హైజంప్, డిస్కస్ త్రో గెలిచి, వెంటనే లాక్రాస్ దుస్తులు వేసుకుని ఆర్మీ జట్టు మీద ఆడాడు. ఆ తర్వాత ప్రొఫెషనల్ జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కు ఆడిన తొమ్మిది సీజన్లలో ఎనిమిదింట లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గజాలు పరిగెత్తింది అతడే. మొత్తం 12,312 గజాలు. శరీరంలో సత్తువ ఉండగానే, 30 ఏళ్లకు ఆట మానేసి సినిమాల్లోకి, పౌరహక్కుల ఉద్యమంలోకి వెళ్లాడు.

ఎర్నీ డేవిస్: ఎల్మైరా ఎక్స్‌ప్రెస్

ఎర్నీ డేవిస్ పెన్సిల్వేనియాలో 1939లో పుట్టి, పన్నెండేళ్ల వయసులో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాకు చేరాడు. యాభైకి పైగా కాలేజీలు పిలిచాయంటారు. సిరక్యూస్‌కు రమ్మని నచ్చజెప్పినవారిలో జిమ్ బ్రౌన్ ఒకడు. తను మోసిన బరువు ఎంతో తెలిసీ పిలిచాడు. వచ్చాక బ్రౌన్ వేసుకున్న 44వ నంబరు డేవిస్‌కు ఇచ్చారు.

అప్పటి నిబంధనల ప్రకారం మొదటి ఏడాది విద్యార్థులు ప్రధాన జట్టుకు ఆడకూడదు. కాబట్టి 1959 అతడి మొదటి సీజన్. ఆ ఏడాది సిరక్యూస్ ఆడిన పదకొండు మ్యాచ్‌లూ గెలిచింది. చివరిది 1960 జనవరి 1న డల్లస్‌లో టెక్సస్ జట్టుతో కాటన్ బౌల్. కొద్ది రోజుల ముందు డేవిస్ తొడ కండరం పట్టేసింది. ఆడతాడో లేదో తెలియదు. ఆట మొదలైన కాసేపటికే గెర్ ష్వెడెస్ విసిరిన బంతిని అందుకుని 87 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. కుంటుతూనే మరో టచ్‌డౌన్ సాధించాడు. 23-14తో గెలిచిన సిరక్యూస్ జాతీయ ఛాంపియన్ అయింది. మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు డేవిస్. ఆ రాత్రి విందులో నల్లజాతి ఆటగాళ్లు బహుమతి తీసుకుని వెళ్లిపోవాలని, అక్కడ ఉండేందుకు వీల్లేదని చెప్పారు. దేశం మొత్తంలో మొదటి స్థానంలో నిలిచిన జట్టులో మొదటివాడికి దక్కిన మర్యాద అది.

మూడు సీజన్లలో డేవిస్ 2,386 గజాలు పరిగెత్తి బ్రౌన్ రికార్డును దాటేశాడు. బ్రౌన్ ఎదురొచ్చినవాణ్ని గుద్దుకుంటూ పోయేవాడు. డేవిస్ పరుగులో బలంతో పాటు ఒడుపు ఉండేది, సందు కనిపిస్తే చాలు జారిపోయేవాడు. మైదానంలో పడగొట్టినవాణ్ని తనే చెయ్యిచ్చి లేపేవాడని కలిసి ఆడినవాళ్లు, ఎదురు ఆడినవాళ్లు కూడా చెప్పారు. 1961లో హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. ఆ ట్రోఫీ అందుకున్న తొలి నల్లజాతి ఆటగాడు అతడే. అప్పుడు న్యూయార్క్‌లో ఉన్న అధ్యక్షుడు కెనెడీ కబురు పంపి మరీ అతణ్ని కలుసుకున్నాడు.

ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1962లో మొట్టమొదటి ఎంపిక డేవిస్. వాషింగ్టన్ జట్టు ఎంచుకుని, క్లీవ్‌లాండ్‌కు బదిలీ చేసింది. అంటే బ్రౌన్, డేవిస్ పక్కపక్కన ఆడాల్సింది. ఆ వేసవిలో డేవిస్‌కు లుకేమియా అని తేలింది. ప్రొఫెషనల్ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండానే 1963 మే 18న, 23 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఎల్మైరాలో చివరిచూపు కోసం వేలమంది బారులు తీరారు. క్లీవ్‌లాండ్ జట్టు అతడు ఒక్కసారి కూడా ఆడని 45వ నంబరును మరెవరికీ ఇవ్వలేదు. జిమ్ బ్రౌన్ కూడా మే 18నే చనిపోయాడు, సరిగ్గా అరవై ఏళ్లకు, 2023లో.

మాట నిలబెట్టుకున్న లిటిల్

కనెటికట్‌లోని న్యూహేవెన్‌లో ఫ్లాయిడ్ లిటిల్ ఇంటికి కోచ్‌తో పాటు డేవిస్ కూడా వెళ్లాడు. సిరక్యూస్‌కు వస్తానని కుర్రవాడు మాటిచ్చాడు గానీ, సైనిక అకాడమీ సహా చాలా కాలేజీలు వెంటపడుతుండటంతో ఊగిసలాటలోనే ఉన్నాడు. డేవిస్ మరణవార్త విన్నాక కోచ్‌కు ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పాడు. 1964లో మరో మేటి రన్నింగ్ బ్యాక్ గేల్ సేయర్స్ ఉన్న కాన్సస్ జట్టు మీద ఐదు టచ్‌డౌన్లు చేశాడు. మూడేళ్లూ ఆల్ అమెరికన్. ఆఖరి మ్యాచ్‌లో, 1966 గేటర్ బౌల్‌లో టెన్నెసీ మీద 216 గజాలు పరిగెత్తినా జట్టు 18-12తో ఓడింది. తర్వాత అంతగా పేరులేని డెన్వర్ బ్రాంకోస్‌కు ఊపిరిపోసి, 2010లో ప్రొ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. 2021 జనవరి 1న మరణించాడు. ముగ్గురిలో పత్రికలు తక్కువగా పట్టించుకున్నది లిటిల్‌నే. ప్రత్యర్థి తన్నిన బంతిని అందుకుని ఎదురు పరిగెత్తడంలో మాత్రం మిగతా ఇద్దరికన్నా అతడిదే పైచేయి.

సిరక్యూస్‌లో డేవిస్ గదిలోనే ఉన్న జాన్ మాకీ ప్రొఫెషనల్ ఆటలో టైట్ ఎండ్ అనే స్థానాన్ని కొత్తగా తీర్చిదిద్దాడు. ఆటగాళ్ల సంఘం అధ్యక్షుడిగా, జట్టు మారే స్వేచ్ఛ కోసం లీగ్‌నే కోర్టుకీడ్చి 1976లో అప్పీల్ కోర్టులో గెలిచాడు. 39వ నంబరు లారీ జోంకా లిటిల్‌తో కలిసి ఆడి 2,934 గజాలతో అతడి రికార్డును దాటాడు. ఓటమే ఎరుగని 1972 మయామీ డాల్ఫిన్స్‌కు వెన్నెముక అతడే.

44 మీద ఇంత కీర్తి మూటగట్టుకున్న జట్టులోనే 1970లో తొమ్మిది మంది నల్లజాతి ఆటగాళ్లు సాధన బహిష్కరించారు. సరైన వైద్యం, చదువులో సాయం, ఆడే అవకాశంలో సమానత్వం, ఒక నల్లజాతి సహాయ కోచ్: ఇవీ వాళ్లు అడిగినవి. పత్రికలు లెక్క తప్పి ‘సిరక్యూస్ ఎయిట్’ అన్నాయి, ఆ పేరే నిలిచిపోయింది. వాళ్లలో చాలామందికి కాలేజీ ఫుట్‌బాల్ అక్కడితో ముగిసిపోయింది. విశ్వవిద్యాలయం వాళ్లను పిలిచి గౌరవించింది 2006లో. సిరక్యూస్ గొప్ప ఆటగాళ్ల పట్టికలో వాళ్ల రికార్డులు ఉండవు. ఉండే అవకాశమే వాళ్లకు దక్కలేదు.

తర్వాతి తరం గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. జో మోరిస్ 1978-81లో పరిగెత్తిన 4,299 గజాల దరిదాపులకు బ్రౌన్ తరంలో ఎవరూ రాలేదు, మ్యాచ్‌లు ఎక్కువైన కాలం కూడా అది. ఆర్ట్ మాంక్, మార్విన్ హారిసన్ ఇద్దరూ బంతి అందుకోవడంలో దిట్టలు, ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు. 1987లో డాన్ మెక్‌ఫర్సన్ నడిపిన జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. కానీ షుగర్ బౌల్ ఆబర్న్‌తో 16-16గా డ్రా అయింది. హైస్మన్‌లో అతడు రెండో స్థానం దగ్గర ఆగిపోయాడు. క్వార్టర్‌బ్యాక్ డొనోవాన్ మెక్‌నాబ్ వరుసగా మూడేళ్లు బిగ్ ఈస్ట్ అనే కాలేజీ లీగ్‌లో దాడి విభాగపు ఉత్తమ ఆటగాడు. గిరగిర తిరిగి క్వార్టర్‌బ్యాక్ మీద పడే డ్వైట్ ఫ్రీనీ 2001లో 17.5 సార్లు ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టాడు. 2024లో కైల్ మెక్‌కార్డ్ 4,779 గజాల పాస్‌లతో ఏసీసీ అనే కాలేజీ లీగ్‌లో రికార్డు రాశాడు.

44వ నంబరు జెర్సీకి 2005 నవంబరు 12న విశ్వవిద్యాలయం విశ్రాంతి ప్రకటించింది. క్యాంపస్ పోస్టల్ కోడ్ 13244 చివర కూడా ఆ రెండు అంకెలే. ముగ్గురి విగ్రహాలు పక్కపక్కనే నిలిపారు.

వీళ్లలో ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు జవాబు కొలతను బట్టి మారుతుంది. ప్రొఫెషనల్ ఆటను కలుపుకుంటే బ్రౌన్‌కు సాటి లేడు. కాలేజీ మైదానం వరకే లెక్కిస్తే మొదటి స్థానం ఎర్నీ డేవిస్‌ది. సిరక్యూస్ గెలిచిన జాతీయ ఛాంపియన్‌షిప్ ఒక్కటే, హైస్మన్ ట్రోఫీ కూడా ఒక్కటే. రెండూ వచ్చింది అతడు ఆడిన మూడేళ్లలోనే.